సుద్ద గుర్తు దాటని పేజీలు

మా అక్క నన్ను మోసం చేసిందన్న సంగతి నాకు పంతొమ్మిదేళ్ళ తర్వాత, లైబ్రరీలో స్టూలెక్కి కిటికీ కొలతలు తీస్తుండగా తెలిసింది. మోసం చేసింది నవలల విషయంలో. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత వీలుపడదు.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మా నాన్నా పోయాక నన్ను తనే పెంచింది. కాపురానికి వెళ్ళేటప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళింది. బావ రైలు గార్డు. ఆయన ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అక్క మెయిన్ రోడ్డు మీద, మందుల షాపుకీ తాళంచెవులు చేసే కొట్టుకీ మధ్య టైలరింగ్ షాపు పెట్టింది. మూడు కుట్టు మిషన్లు, ఒక కటింగు బల్ల, నిలువుటద్దం, తొడిగి చూసుకునేవాళ్ళకి మూలన ఒక పరదా. కత్తిరింపు అక్కది. కాజాలు, కాలర్లు, ఇస్త్రీ నావి. చేతికుట్లకి ఒకావిడ ఉండేది, ఇప్పటికీ ఉంది. పొద్దున వచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రం వెళ్ళేదాకా నోరు మూయదు కాబట్టి ఆవిణ్ణి రేడియో అంటాం. ఎదురుగానే అంటాం, ఆవిడేమీ అనుకోదు.

నాకు చిన్నప్పటి నుంచీ చదువుపిచ్చి. సరుకులు కట్టిచ్చిన పొట్లం కాగితం కూడా విప్పి, సాపు చేసి చదివేదాన్ని. ఇంట్లో లైబ్రరీ కార్డు నాకొక్కదానికే ఉండేది. హత్యలు, దొంగలు, ఓడ ప్రయాణాలు, ఇవీ నా పుస్తకాలు. ప్రేమ నవలల జోలికి వెళ్ళేదాన్ని కాదు. ఆ అట్టల మీద బొమ్మలు చూస్తేనే నవ్వొచ్చేది. అక్క అసలు పుస్తకమే పట్టేది కాదు.

నా ఇరవై రెండో ఏట, మందపాటి కోటు గుడ్డ కుడుతుంటే మిషన్ సూది ఫట్‌మని విరిగి, ముక్క వచ్చి నా ఎడమ కంట్లో గుచ్చుకుంది. డాక్టరు ముక్క తీశాడు. కన్ను నిలిచింది. కానీ ఏడాది పాటు అక్షరం చదవకూడదన్నాడు. మొదటి రెండు నెలలూ రెండు కళ్ళకీ కట్టే. కన్ను పోతుందేమోనన్న భయంతో ఏడ్చినదానికంటే చదవకూడదన్నందుకు నేను ఎక్కువ ఏడ్చాను. అక్క నా తల నిమిరింది.

"ఏడవకే పిల్లా. నేను చదివి వినిపిస్తాగా."

ఆ మాటకి నేను దాన్ని దేవత అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను, అదీ నా ఒళ్ళు మండే విషయం.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపుకి పెద్దగా ఎవరూ రారు. ఆ రెండు గంటలూ అక్క నా కార్డు మీద తెచ్చిన పుస్తకం చదివేది. నేను గుండీలు చేత్తో తడిమి సైజుల వారీగా డబ్బాల్లో వేసేదాన్ని, కాలర్లు తిప్పి మూలలు తీసేదాన్ని. రేడియో ఆ రెండు గంటలూ నోరు కట్టుకుని కూర్చునేది. ఎవరైనా గిరాకీ వస్తే అక్క చేతిలో ఉన్న నీలం సుద్దతో, బట్ట మీద గీసే ఆ సుద్దతోనే, ఆపిన చోట పేజీ అంచున చిన్న టిక్కు పెట్టి లేచేది.

"లైబ్రరీ పుస్తకం మీద గీతలేంటే అక్కా?" అంటే, "దులిపితే పోతుందిలే" అనేది. పోలేదు.

సూది ఎందుకు విరిగిందో చూడడానికి మిషన్ మెకానిక్ వచ్చాడు. లోపల టైమింగ్ తప్పిందన్నాడు. పోయిన వారం దాన్ని సర్వీసు చేసింది తనే కాబట్టి తప్పు తనదేనన్నాడు. ఎవరూ అడక్కుండా అలా ఒప్పుకున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అప్పుడూ చూడలేదనుకోండి, కళ్ళకి కట్టు ఉంది. విన్నాను.

ఆ తర్వాత వారానికోసారి వచ్చేవాడు. మిషన్లలో ఏ లోపమూ ఉండేది కాదు. అయినా నూనె వేసేవాడు, చక్రం తిప్పి చెవి పెట్టి వినేవాడు. పని చేస్తూ వీధిలో ఏం జరుగుతోందో నాకు చెప్పేవాడు. "తాళాలాయన తన కొట్టు తాళమే పోగొట్టుకున్నాడండీ. కిటికీలోంచి దూరుతున్నాడు. నడుము దగ్గర ఇరుక్కున్నాడు." నేను పగలబడి నవ్వేదాన్ని. అక్క కత్తెర చప్పుడు ఆగిపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క ప్రేమ నవలలు తేవడం మొదలుపెట్టింది. హత్యల పుస్తకాలు అయిపోయాయంది. కళ్ళు కట్టుకుని కూర్చున్నదాన్ని, వెళ్ళి చూసొస్తానా! మొదటిది ఓడ డాక్టరు కథ. మొదట వెక్కిరించాను. మూడో రోజుకి రెండెప్పుడవుతుందా అని ఎదురుచూశాను. ఆ డాక్టరు ఆమె ఉత్తరం తడవకుండా నోట్లో పెట్టుకుని ఈదుతాడు చూడండి, అక్కడ నా చేతిలో గుండీల డబ్బా జారి పడింది. చివరికి ఏం చేస్తాడు? మునిగిపోతాడు. పెళ్ళికూతురు రేవులో నిలబడే ఉంటుంది. రేడియో ముక్కు చీదింది. అక్క పుస్తకం మూసి నిట్టూర్చింది.

"అంతేనే పిల్లా. ప్రేమంటే ఇంతే."

తర్వాత తోటమాలి కథ. అతను ఆమెని వదిలేసి డబ్బున్నదాన్ని కట్టుకున్నాడు. తర్వాత పియానో టీచరు కథ. అతనికి ముందే పెళ్ళాం ఉంది. ఇలా ఒకటా రెండా, పదిహేను. ప్రతి కథలోనూ ఆడమనిషి ఒక మగవాడి మాట నమ్మి గడప దాటుతుంది, ప్రతి కథలోనూ నాశనమవుతుంది. ఆ ఏడాది చివరికి నాకు ఆ సంగతి ఎక్కాల్లా నోటికొచ్చేసింది.

కట్టు విప్పాక ఒక రోజు మెకానిక్ ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పక్క ఊళ్ళో సొంతంగా షాపు పెడుతున్నానండీ. మీరు వస్తారా?"

"పనికా?" అన్నాను.

"పెళ్ళికి" అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

నెల రోజులు గడువడిగాను. ఎందుకడిగానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ నెలంతా అక్క ఒకే పుస్తకం చదివింది, గడియారాలు బాగుచేసేవాడి కథ. అతనికీ చేతినిండా నూనె మరకలే, అతనూ తక్కువ మాట్లాడేవాడే. ఆమె ఇల్లు వదిలి అతనితో వెళ్ళింది. ఏడాది తిరక్కుండా అతను వదిలేశాడు. ఎవరూ తోడులేక ఆసుపత్రి మంచం మీద పోయింది. అక్క ఆ చివర చదువుతుంటే నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. మర్నాడు మెకానిక్ వస్తే రానని చెప్పేశాను. అతను తల ఊపాడు. మూడు మిషన్లకీ నూనె వేశాడు, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఎవరినో పెళ్ళి చేసుకున్నాడని తర్వాత విన్నాను.

నేను షాపులోనే ఉండిపోయాను. అక్క పిల్లలిద్దరూ నా చేతుల మీదే పెరిగారు, ఉద్యోగాలకని వెళ్ళారు. ఇక చదువుకోవచ్చని కంటి డాక్టరు చెప్పినా ప్రేమ నవల మళ్ళీ ముట్టలేదు. చివర తెలిసిన కథ ఎవరు చదువుతారు?

ఇక లైబ్రరీ సంగతి. పోయినేడు ఎండల ముందు లైబ్రరీ వాళ్ళు కొత్త పరదాలకి మా షాపులో ఆర్డరిచ్చారు. కొలతలకి నేను వెళ్ళాను. కిటికీ పక్క బీరువాలో పై వరసలో ఓడ డాక్టరు కనిపించాడు. పాత స్నేహితుణ్ణి చూసినట్టు అనిపించి తీశాను. పేజీల అంచున నీలం టిక్కులు, వెలిసిపోయినా ఉన్నాయి. అక్క చెయ్యి! నాకు ముద్దొచ్చింది కూడా. తిప్పుకుంటూ పోయాను. రెండు వందల పన్నెండో పేజీలో ఆఖరి టిక్కు. ఆ తర్వాత ముప్ఫై పేజీల అంచులు నున్నగా, తెల్లగా ఉన్నాయి.

ఆ ముప్ఫై పేజీలు స్టూలు మీద నిలబడే చదివాను. డాక్టరు మునగలేదు. ఇంకో ఓడ వాళ్ళు తాడు వేసి లాగారు. రేవులో దిగి, నానిపోయిన ఉత్తరం నోట్లోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, "జవాబు చెప్పడానికి ఆలస్యమైంది" అంటాడు. ఆ రాత్రే పెళ్ళి.

మొదట నవ్వొచ్చింది. తర్వాత తోటమాలి, పియానో టీచరు గుర్తొచ్చారు. టేపు కింద పడేసి, కొలతలు వదిలేసి, ఎప్పుడో గడువు తీరిన నా కార్డు బదులు లైబ్రేరియన్ దగ్గర కొత్తది రాయించుకున్నాను. కార్డుకి రెండు పుస్తకాలు, గడువు పదిహేను రోజులు, ఇంకెవరూ అడక్కపోతే మళ్ళీ మన పేరే రాయించుకోవచ్చు. మూడు నెలల్లో ఆ పాత పుస్తకాలన్నీ, ఒక్కటి తప్ప, వెతికి పట్టాను. అన్నిటిలోనూ ఒకటే వరస. టిక్కులు వస్తూ వస్తూ ఇరవై ముప్ఫై పేజీల ముందు ఆగిపోతాయి. తోటమాలి ఆమెనే కట్టుకున్నాడు. పియానో టీచరుకి పెళ్ళామూ లేదు, పాడూ లేదు. పదిహేను మంది ఆడవాళ్ళు గడప దాటి సుఖపడ్డారు. వాళ్ళందరినీ మా అక్క తన నోటితో ముంచింది, చంపింది, రోడ్డున పడేసింది. నన్ను ఇస్త్రీ బల్లకి కట్టేసుకోవడానికి.

ఇంకో సంగతీ చెప్పాలి. పగతో మొదలుపెట్టిన ఆ చదువు నాకు అలవాటైపోయింది. టిక్కులు లేని పుస్తకాలు కూడా తెచ్చుకోసాగాను. లైబ్రరీలో ప్రేమ నవలల బీరువా ఎంత వాడకంలో ఉందో చూస్తేనే తెలుస్తుంది. ఒకదాంట్లో బస్సు టికెట్టు దొరికింది, ఒకదాంట్లో ఎవరిదో కొలతల చీటీ. ఒకచోట, అతను ఆమె గొడుగు తీసుకుని పారిపోయే పేజీలో, పెన్సిల్‌తో ఎవరో "అబ్బా!" అని రాశారు. నాకూ సరిగ్గా అక్కడే అబ్బా అనిపించింది. పోట్లాట ఏ అధ్యాయంలో వస్తుందో, రాజీ ఎక్కడో వాసన పట్టేయగలను. తెలిసినా గుండె దడదడలాడుతుంది. నలభై రెండేళ్ళ మనిషిని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చదివేదాన్ని. చదివిన ప్రతి సుఖమూ మళ్ళీ అక్క మీద కోపంగా మారేది.

అరిచి గోల చేయొచ్చు. కానీ అక్క సంగతి నాకు తెలుసు. నేను అరిస్తే అది ఏడుస్తుంది, సాయంత్రానికి దాని కళ్ళు తుడుస్తూ నేనే కూర్చుంటాను. నాకు దాని ఏడుపు అక్కర్లేదు. "నీ బతుకు నేను పాడుచేశాను" అని దాని నోటితో, రేడియో వింటుండగా, ఒక్క మాట అనాలి. అది అనేదాకా వదలకూడదనుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం రెండు కాగానే ఓడ డాక్టర్ని కటింగు బల్ల మీద పెట్టాను. బడి యూనిఫాంల ఆర్డరు ఉంది, అక్క మిషన్ మీద నుంచి కదలడానికి లేదు.

"అప్పుడు నువ్వు చదివావు, నేను విన్నాను. ఇప్పుడు నేను చదువుతాను, నువ్వు కుట్టుకో" అన్నాను.

అక్క పుస్తకం అట్ట చూసింది. మిషన్ తొక్కుతూనే ఉంది. రెండు వారాలు పట్టింది ఆఖరి టిక్కు దాకా రావడానికి. ఆ రోజు రెండు వందల పన్నెండో పేజీ పూర్తిచేసి, కావాలనే ఆగి, దాని మొహంలోకి చూసి, పేజీ తిప్పాను. మిషన్ ఆగిపోయింది. ఇంకో ఓడ వచ్చింది, తాడు పడింది. అక్క చేతిలో చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేసి ఉంది.

"అదేంటి, ఆ డాక్టరు మునిగి చచ్చాడు కదమ్మా? నాకు బాగా గుర్తు, నేను చేతిగుడ్డ తడిపేశాను" అంది రేడియో.

"అచ్చులో బతికే ఉన్నాడు" అన్నాను అక్కనే చూస్తూ.

"ఎప్పటి మాటో. నాకేం గుర్తుంటుంది" అని అక్క తల వంచుకుని కుట్టు విప్పుకోసాగింది.

దొరికావు అనుకున్నాను. పదిహేను పుస్తకాలున్నాయి, పదిహేను సార్లు ఇలా కోస్తాను అనుకున్నాను.

కానీ నేననుకున్నట్టు జరగలేదు. తోటమాలి పెళ్ళయ్యేసరికి అక్క మొహం విప్పారింది. మూడో పుస్తకానికి రెండు కాకముందే చేతిలో పని పక్కన పెట్టి, "ఏమే, మొదలుపెట్టవా?" అంది. నా కుర్చీలోకి మెత్త కుట్టి పెట్టింది. పియానో టీచరు నిర్దోషి అని తేలిన రోజున చప్పట్లు కొట్టింది. రేడియో అయితే సరేసరి, బట్టలు తీసుకోవడానికొచ్చిన వాళ్ళకి కూడా స్టూలు వేసి కూర్చోబెట్టింది. నేను విషం పోస్తుంటే వీళ్ళు లొట్టలేసుకుంటూ తాగుతున్నారు. నాకు పిచ్చెక్కిపోయింది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, నిజం చెప్పు. ఈ చివరలు నీకు తెలియవా?"

అక్క దారం కొరికి నవ్వేసింది. "ఎక్కడ తెలుసే? అప్పుడు చదివితేగా! నిజం తెలిస్తే నాకు అబద్ధం నోట్లోంచి రాదు. అందుకే కథ సుఖానికి తిరుగుతోందనిపించగానే పుస్తకం మీద చూపు తీసేసి, నోటికొచ్చింది చెప్పేదాన్ని."

"ఎంత గడుసుదానివమ్మా!" అని రేడియో కూడా నవ్వింది. ఇద్దరూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. పక్కన నేను ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను. అబద్ధం చెప్పానని ఒప్పుకుంది, అదీ ఒక తమాషాలాగా. ఆ అబద్ధంతో ఏం పోయిందో దాని బుర్రకి తట్టనే లేదు. ఆ క్షణంలో ఆ పెట్టె ఎత్తి బల్లకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎవరిదో తెల్ల చొక్కా కింద ఉంది.

ఇక మిగిలింది గడియారాల కథే. నా గడువు నెలలో చదివినది. అది చదివితే అక్కకి ఆ రోజులు గుర్తుకురాక తప్పదు, ఆ చివర దాని గొంతులో ముల్లై దిగుతుంది అనుకున్నాను. బీరువాలో ఆ పుస్తకం లేదు. లైబ్రేరియన్ మూడు వారాలు వెతికి, అట్ట ఊడిపోయిన పుస్తకాల కట్టలోంచి తీసింది.

"అట్ట కూడా లేదు, ఇది ఎందుకండీ మీకు?" అంది.

"నాకిదే కావాలి" అన్నాను.

ఇంటికి తీసుకెళ్ళేదాకా ఆగలేక అక్కడే, నేను కుట్టిన పరదా పక్కన కూర్చుని చదివాను. ఆఖరి టిక్కు నూట ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది. సామాను సర్దుకుని ఆమె రైలెక్కే చోట. ఆ తర్వాత ఇరవై నాలుగు పేజీలు. చదివాను. మళ్ళీ వెనక్కి వచ్చి చదివాను.

అతను ఆమెని వదిలేస్తాడు. నిజంగానే. మూడేళ్ళు కాపురం చేసి, ఒక పొద్దున పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళిపోతాడు. ఆమె ఒంటరిగా వెనక్కొచ్చి పుట్టింటి తలుపు తడుతుంది. ఎవరూ తీయరు. కథ అయిపోయింది. ఆ బీరువా మొత్తంలో ఇదొక్కటే ఏడుపు నవల. పదిహేను పుస్తకాల్లో కావాలని అబద్ధం చెప్పిన మా అక్క, ఆ పదహారో పుస్తకంలో తనకే తెలియకుండా నిజం చెప్పింది. అక్క కథలో ఆమె ఆసుపత్రిలో పోయి బతికిపోయింది, అచ్చులో బతికి చచ్చింది.

నేను కాదనడానికి కారణమైన పుస్తకం అక్క చెప్పినట్టే ముగిసిందన్నమాట. ఇది షాపులో చదివానంటే అక్క ఏమంటుందో నాకు వినిపించింది. "చూశావా? నేను చెప్పిందే రాశారు. నాదేం తప్పు?" అంటుంది. హాయిగా గాలి పీల్చుకుంటుంది. మిగతా పదిహేను అబద్ధాలకీ ఆ ఒక్క నిజం చాలు దానికి. నవ్వుకుంటూ కుట్టుకుంటుంది.

అది జరగనివ్వకూడదని అక్కడే నిశ్చయించుకున్నాను.

మర్నాడు రెండింటికి మొదలుపెట్టాను. నూట ఎనభై ఎనిమిది పేజీలు ఉన్నదున్నట్టు, నాలుగు వారాలు చదివాను. నూనె మరకల చేతులు, తక్కువ మాటలు. రెండో వారానికి అక్క నవ్వడం మానేసింది. మూడో వారంలో ఒకసారి, "ఇది వద్దులేవే, ఇంకోటి చదువు" అంది. "ఇదే బాగుంది" అన్నాను. ఆమె రైలెక్కిన రోజు నేను పేజీ తిప్పి, చూపు అక్షరాల మీదే ఉంచి, పుస్తకంలో లేనిది చదవడం మొదలుపెట్టాను.

అక్కకి నిజం తెలిస్తే అబద్ధం రాదట. నాకు నిజం కళ్ళ ముందు అచ్చై ఉంది, అయినా అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో! చదివిన నవలలన్నీ అక్కరకొచ్చాయి. పక్క ఊళ్ళో అతను షాపు పెట్టాడు. పైన రెండు గదులు. పొద్దున్నే ఆమె కిటికీ తీస్తే కింద అతను షట్టరు ఎత్తుతూ పైకి చూసి నవ్వేవాడు. ఆమెకి జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని వీధిలో ఏం జరుగుతోందో చెప్పేవాడు. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి వాళ్ళ నాన్న చెవులు, సిగ్గుపడితే ఎర్రబడతాయి. ఒక్క రోజు, ఒక్క మాట కూడా ఆమె చేత "ఎందుకొచ్చానా" అనిపించలేదు. అతని జుట్టు నెరిసింది, ఆమె జుట్టు నెరిసింది. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని అతను అడుగుతాడు. "ఆ రోజు నువ్వు రానని ఉంటే?" ఆమె అంటుంది. "అలాంటి మాట సరదాకి కూడా అనకు."

పుస్తకం మూశాను. మిషన్ ఎప్పుడో ఆగిపోయింది. రేడియో చేతిలో సూది గుడ్డలో సగం గుచ్చి అలాగే వదిలేసింది. అక్క రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"అతను మంచివాడే" అంది. "గడియారాలతను కాదే, మన మెకానిక్. నాకు తెలుసు. అప్పుడే తెలుసు. నువ్వెళ్ళిపోతే నేనొక్కదాన్నీ పిల్లలతో, షాపుతో ఏమైపోతానో అని భయమేసింది. నీ బతుకు నేనే మింగేశానే పిల్లా."

నాకు కావాల్సిన మాట అదే. రేడియో విన్నది. వచ్చిన గిరాకీ ఒకావిడ కూడా విన్నది. కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు? వేసవిలో నీళ్ళు తాగినట్టు ఉంది. అచ్చులో అతను వదిలేశాడని ఒక్క మాట చెప్తే దాని మనసు తేలికపడుతుందని తెలుసు. చెప్పలేదు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపింది. "ఏదీ, ఆ మెట్ల దగ్గరి మాట ఒకసారి ఇలా చూడనీ."

"లైబ్రరీ మూసేస్తారక్కా" అని పుస్తకం సంచిలో వేసుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే రోడ్డు మీద పడ్డాను.

"ఇచ్చేస్తారా? మళ్ళీ రాయమంటారా?" అంది లైబ్రేరియన్.

"మళ్ళీ నా పేరే రాయండి."

"అంత బాగుంటుందా?"

"చాలా."

అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి వెళ్ళి రాయించుకుంటున్నాను. అక్క ఒకసారి రేడియోని లైబ్రరీకి పంపింది. ఆ పుస్తకం నా దగ్గరే ఉందని చెప్పి పంపేశారట. పుస్తకం కావాలని పేరు రాయించి వస్తే నాకు మళ్ళీ ఇవ్వరని ఇద్దరికీ తెలియదు, నేను చెప్పను. కార్డుకి రెండే పుస్తకాలు కదా, ఒకటి ఇలా ఎప్పటికీ ఇరుక్కుపోయింది. మంచి నవలలు ఒక్కొక్కటే తెచ్చుకోవాల్సి వస్తోంది. నాకు బొత్తిగా నచ్చని పుస్తకాన్ని సంచిలో మోసుకు తిరుగుతున్నాను.

అక్క ఇప్పుడు నాతో మెత్తగా మాట్లాడుతుంది. ఇస్త్రీ తనే చేస్తానంటుంది. నెలకోసారి, ఏదో శిక్ష అడిగి వేయించుకున్నట్టు, "ఆ గడియారాలతని కథ చివర ఇంకోసారి చదవవే" అంటుంది. చదువుతాను. ప్రతిసారీ ఒక కొత్త ముక్క కలుపుతాను. దానికి తేడా తెలియదు, పోయినసారి సరిగ్గా వినలేదేమో అనుకుంటుంది. మొన్న వాళ్ళకి మనవరాలు పుట్టింది. అక్క చేతిగుడ్డతో కళ్ళొత్తుకుని, "పేరేం పెట్టారే?" అని అడిగింది. నా కళ్ళ ముందున్న పేజీలో ఆమె పుట్టింటి తలుపు తడుతోంది, ఎవరూ తీయడం లేదు. పేజీ తిప్పి, మనవరాలికి అక్క పేరే పెట్టాను.